4417ని వదలని రికార్డు

"ఒక్కటి తప్ప అన్నీ పోయాయి మేడం" అని మా టీములో సాయిప్రకాష్ మెసేజ్ పెట్టేసరికి ఆఫీసు క్యాబ్ ఇంకా ఢిల్లీ మయూర్ విహార్ కాలనీ గేటు కూడా దాటలేదు. తొమ్మిదికి పది నిమిషాలు, జూన్ నెల, కారు తలుపు మీద చెయ్యి వేస్తే అప్పటికే చురుక్కుమంటోంది, డ్రైవర్ దల్బీర్ భయ్యా ఏసీ పెంచమంటే బటన్ తిప్పినట్టు నటిస్తాడు గానీ పెంచడు. నేను ఒళ్లో లాప్‌టాప్ తెరుచుకుని, ఒక్కటి మిగలడమేమిటి, మిగలకూడదే, అని గొణుక్కుంటుంటే రెండో మెసేజ్ వచ్చింది. "4417 నంబర్ మనిషి మేడం. తీయబోతే తీయనివ్వట్లేదు. పేరు నాకు కనపడదు కదా, మీరు చూస్తారా?" చూడ్డానికేముంది నాయనా, ఆ మొండిఘటం నేనే. ఆ నంబరు నాకు నా బ్యాంకు పిన్ కంటే బాగా గుర్తు, మూడేళ్ల పైన మెడలో వేలాడేసుకుని తిరిగిన కార్డు మీది నంబరు అది, గేటు దగ్గర టాబ్లెట్‌కి చూపిస్తే టింగుమని మోగి నా ఫొటో, పక్కన ఒక పిల్ల ఫొటో వచ్చేవి. కార్డు చింపి చెత్తబుట్టలో వేసి రెండేళ్ల పైన అయింది, మనిషిని ఇంకా అక్కడే ఎవరు ఉంచారు, ఎవరు పట్టుకుని ఉన్నారు, అని పైకే అనేశాను కాబోలు, దల్బీర్ భయ్యా అద్దంలోంచి చూసి "సబ్ ఠీక్ మేడమ్‌జీ?" అన్నాడు, ఠీకే అన్నాను, ఏం ఠీక్, నా మొహం.

మా కంపెనీ చేసేది బ్రహ్మవిద్యేమీ కాదు. స్కూలు వదిలాక ఏ పిల్లని ఎవరు తీసుకెళ్లొచ్చో, పిల్లకి దెబ్బ తగిలితే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పే సాఫ్ట్‌వేర్. గుర్‌గావ్‌లో ఒక స్కూలుతో మొదలై ఇప్పుడు అరవైకి పైగా స్కూళ్లు. రెండేళ్లుగా ఏ పిల్ల కోసమూ గేటుకి రాని పెద్దవాళ్ల వివరాలు మన దగ్గర ఉండకూడదని కొత్త నియమం, అందుకే సెలవుల్లో ఈ తుడిచివేత, నలభై వేల మంది పోయారు, చప్పుడు లేకుండా, ఒక్కరూ అడ్డం తిరగలేదు, నేను తప్ప. పదకొండుకి ఆడిటర్లు వస్తారు. మా మేనేజర్ పృథ్వీరాజ్ గారు విశాఖపట్నం మనిషి, ఆయన మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, గడువు మాత్రం మెత్తగా ఉండదు. "శ్రుతిగారూ, ఆ ఒక్కటీ పదింటికల్లా తేల్చేయండి. అటు పిల్ల రికార్డులో గడి ఖాళీ చేసేసి, మనిషిని లేపేయడమే కదా" అని ఆయన మెసేజ్ కూడా వచ్చి కూర్చుంది. లేపేయడమే కదా. లేపేస్తాను సార్, నన్ను నేనే లేపేసుకోవాలి, అంతే కదా, ఒక గంట టైముంది.

గడి అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఇవాళ నా ప్రాణం ఆ గడిలోనే ఉంది. పిల్లలది ఒక పట్టిక, పెద్దవాళ్లది ఇంకో పట్టిక. పిల్ల రికార్డులో ఒక గడి, ఇంటివాళ్లు దొరక్కపోతే పిలవాల్సిన మనిషి అని, అందులో పేరు రాయం, ఆ పెద్దమనిషి నంబరు మాత్రం రాస్తాం, దాన్నే ఫారిన్ కీ అంటాం. తమాషా ఏమిటంటే ఆ నంబరు పిల్ల దగ్గరే ఉంటుంది. పెద్దమనిషి దగ్గర పిల్ల ఊసే ఉండదు. నా రికార్డు నేను వందసార్లు తెరిచి చూసుకున్నా పేరు, ఫోను, ఫొటో, అంతే, నన్ను ఎవరు పట్టుకున్నారో అందులో కనపడదు, తెలియాలంటే అటు తిరిగి పిల్లలందరినీ అడగాలి, మీలో 4417ని పట్టుకున్నదెవరే అని. మేం వాడే ఫ్రేమ్‌వర్క్‌లో అది ఒక్క లైను. పట్టికల భాష మనకి రాకపోయినా ఫరవాలేదు, మనం మామూలుగా అడిగితే అదే వాటి భాషలోకి మార్చుకుని వెళ్లి కనుక్కొచ్చి మన చేతిలో పెడుతుంది. అయితే ఈ గడి మొదట తయారుచేసేటప్పుడు అది ఒక ప్రశ్న వేస్తుంది, జవాబు చెప్పేదాకా కదలనివ్వదు. రేపు ఆ పెద్దమనిషిని తీసేస్తే ఈ పిల్ల సంగతేమిటి? మూడు జవాబులు. పిల్లని కూడా తీసెయ్. గడి ఖాళీగా వదిలెయ్. లేదా, పిల్ల పట్టుకుని ఉన్నంతకాలం మనిషిని తీయనివ్వకు. ఆరేళ్ల కిందట ఆ లైను రాసింది నేనే, అప్పుడు పక్క గదిలో మూడేళ్లు నిండని అక్షర మధ్యాహ్నం నిద్ర పోతోంది, ఒక కాలు నా దిండు మీద వేసి, నేను ఆ కాలు చూసుకుంటూ మూడోది రాశాను. ఇన్నాళ్లూ ఎవరూ దాని జోలికి పోలేదు, ఇవాళ పనిచేసింది.

డీఎన్‌డీ వంతెన మీద బండ్లు బాగానే కదులుతున్నాయి, కింద యమున ఇసుకలో సన్నగా, అటు చూడబుద్ధి కాలేదు. అక్షర నా కూతురు కాదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు మాట లేదు, ఆ మాట లేకపోవడం వల్లే ఇంత దాకా వచ్చింది. వాళ్ల నాన్న సుధీర్‌ది వరంగల్, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో పని, భార్య తేజశ్రీ పోయేసరికి పిల్లకి ఏడాది. నాది నరసరావుపేట, ఢిల్లీ వచ్చిన కొత్తలో వాళ్లుండే అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో అద్దెకుండేదాన్ని, ఒక సాయంత్రం ఆయా రాలేదు, కాసేపు చూస్తారా అని అడిగాడు, ఆ కాసేపు నాలుగేళ్లు సాగింది. వాళ్ల ఫ్లాట్‌కే మారిపోయాను. పిల్ల నన్ను తుతీ అనేది, నోరు తిరగని రోజుల్లో మొదలుపెట్టిన పిలుపు, తిరిగాక కూడా మార్చలేదు. తెలుగులో నేనేం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో కొడుతుంది, అన్నం తిందాం రావే అంటే "నహీ ఖానా", తినను పో, అని సోఫా కింద దూరేది. సుధీర్ రెండుసార్లు పెళ్లి మాట ఎత్తాడు. రెండుసార్లూ ఇప్పుడేం తొందర అన్నాను. హాల్లో తేజశ్రీ ఫొటో ఉండేది, నవ్వుతూ, ఆవిడ కుర్చీలో కూర్చోమంటున్నారు అనిపించేది, భయం, ఏం భయమో ఇప్పటికీ చెప్పలేను, పిల్లని కావలించుకుని పడుకోవడానికి లేని భయం సంతకం పెట్టడానికి వచ్చింది. మూడోసారి అతను అడగలేదు. "లోపలికన్న రా, లేకుంటె బయటికన్న పో, గుమ్మంల నిలబడకు శ్రుతీ" అన్నాడు, కోపంగా కూడా కాదు, అలిసిపోయి. నాకు రోషం వచ్చింది. నా రోషం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. బయటికి పోయాను.

ఆశ్రమ్ కూడలి దగ్గర ఆగిపోయాం, ఊహించిందే, ముందొక పాల ట్యాంకరు, పక్కన బైకు మీద ఒకాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని మా కారు అద్దంలో తల దువ్వుకుంటున్నాడు. లైను టైప్ చేశాను. పిల్లలు, గడి నంబరు 4417 ఉన్నవాళ్లు, ఎంతమంది? రెండుసార్లు తప్పు కొట్టాను, పదేళ్లుగా అన్నం పెడుతున్న పని, కొత్తగా చేరిన ట్రైనీలా. జవాబు వచ్చింది. ఒకటి. ఒక్క రికార్డు. పేరు అడగలేదు, అడగాల్సిన అవసరం ఏముంది, ఈ దేశ రాజధానిలో నన్ను పట్టుకుని వేలాడే పిల్ల ఇంకెవరుంది. అయినా ఆ ఒకటి అనే అంకెని చూస్తూ ఉండిపోయాను. బిడ్డా, ఇంకా పట్టుకునే ఉన్నావా. రోజూ తీసుకెళ్లేవాళ్ల జాబితాలోంచి నన్ను సుధీర్ వెంటనే తీసేశాడు, అది తెలుసు, అది న్యాయం కూడా. ఈ గడి ఎలా మిగిలింది? మర్చిపోయాడా? ఉంచాడా? లేక ఆ పిల్లే... ఛ, తొమ్మిదేళ్లు కూడా నిండని పిల్ల, దానికేం తెలుస్తుంది, అని నన్ను నేనే కసిరేసుకున్నాను, కసిరినా ఆశ కదలదు, చూరు పట్టుకున్న గబ్బిలంలా అక్కడే ఉంటుంది.

ఇంకొక్క క్లిక్ చేస్తే ఫొటో. ప్రతి ఏడాదీ ఏప్రిల్‌లో కొత్త ఫొటో పెట్టాలి, అంటే ఈ ఏప్రిల్ మొహం అక్కడుంది. ముందు పళ్లు వచ్చేశాయా? నేను వచ్చేసినప్పుడు పైన రెండూ లేవు, సీతాఫలం తినేటప్పుడు గింజలు ఆ సందులోంచి ఊదేది. జుట్టు పెంచిందా, కత్తిరించారా, ఎవరు దువ్వుతున్నారు, పాపిట మధ్యలో తీస్తే ఏడుస్తుందని ఎవరికైనా తెలుసా. వేలు అక్కడే ఉంది. ఈ రికార్డు తెరవడానికి నాకు అనుమతి ఉంది, ఇవాళ పనే ఇది, ఎవరూ తప్పు పట్టరు. కానీ పని ఫొటోతో లేదు, గడితో ఉంది, ఆ తేడా నాకు తెలుసు, నా టీములో ఎవరైనా అలా చూశారని తెలిస్తే నేనే నిలబెట్టి కడిగేదాన్ని. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. చూడాలనుంది. నిజంగా, చూడాలనుంది. మూల్‌చంద్ సిగ్నల్ దాకా చేతులు అలాగే పెట్టుకుని కూర్చున్నాను.

గడి ఎలా మిగిలిందో తేల్చడానికి దారి ఉంది, అది కూడా నా నిర్వాకమే. ప్రతి ఏప్రిల్‌లో తల్లిదండ్రులు ఫారం మళ్లీ నింపాలి, నాలుగు పేజీలు, అందరూ విసుక్కుంటున్నారని రెండో ఏడాది నేనొక బటన్ పెట్టాను, పోయినేడాది లాగే, అని. ఒక్క నొక్కు నొక్కితే పాత వివరాలన్నీ కొత్త ఏడాదికి వచ్చేస్తాయి. దానికి నాకు చప్పట్లు కొట్టి కేక్ కూడా కోశారు. ఎవరు బటన్ నొక్కి నింపారో, ఎవరు కూర్చుని ఒక్కొక్కటీ ఎంచి నింపారో పక్కన ఒక గుర్తు పడుతుంది, బటన్ నొక్కారా అంటే అవును లేదా కాదు. అంటే ఇంకొక్క లైను. మూడు ఏప్రిల్‌లు గడిచాయి. వాటిలో ఒక్కదాంట్లో అయినా ఆ ఇంట్లో ఒకరు కూర్చుని, పెద్దవాళ్ల జాబితా తెరిచి, వేలితో కిందికి జరుపుకుంటూ వచ్చి, నా పేరు దగ్గర ఆగి నొక్కి ఉంటే అక్కడ కాదు అని ఉంటుంది. నాకు కావలసింది ఆ ఒక్క కాదు. ఎంత సిగ్గుమాలిన కోరికో చూడండి, ముప్పై ఆరేళ్ల మనిషిని, జీతం, అద్దె ఫ్లాటు, బాల్కనీలో కరివేపాకు కుండీ, అన్నీ ఉన్నాయి, పట్టికలో ఒక గుర్తు కోసం ప్రాణం కొట్టుకుంటోంది.

వెంటనే అడగలేదు. సౌత్ ఎక్స్ దగ్గర బట్టల షాపుల బొమ్మలు ఎండలో కోట్లు వేసుకుని నిలబడ్డాయి, వాటికేసి చూస్తూ మనసులో మెట్లు లెక్కపెట్టాను. ఆ అపార్ట్‌మెంట్‌లో కింద పార్కింగ్ నుంచి లిఫ్టు దాకా సరిగ్గా పది మెట్లు. ఫోన్ నంబరులో పది అంకెలు. అక్షరకి నాలుగేళ్లప్పుడు అనుకుంటా, ఎప్పుడైనా తప్పిపోతే ఎలా అని భయమేసి నా నంబరు ఆ మెట్ల మీద నేర్పాను, మెట్టుకో అంకె, గెంతి చెప్పాలి, తొమ్మిది, ఎనిమిది, ఒకటి, మళ్లీ ఒకటి. తెలుగులోనే నేర్పాను, కావాలనే, ఇదొక్కటైనా తెలుగులో వస్తుందిలే అని. వారంలో వచ్చేసింది. తమాషా, ఆ నంబరు దానికి హిందీలో రాదు, ఇంగ్లీషులో రాదు, స్కూల్లో మేడం అడిగినా తెలుగులోనే చెప్పింది, ఆవిడకి అర్థం కాక నాకు కబురు పెట్టారు. ఇల్లు చేరేటప్పుడు చేతిలో సంచులున్నా, వాన పడుతున్నా, పది మెట్లూ గెంతి చెప్పాల్సిందే, నేను మధ్యలో ఒక మెట్టు దాటేస్తే కిందికి లాక్కొచ్చి మళ్లీ మొదటి నుంచి ఎక్కించేది. రాక్షసి.

ఎయిమ్స్ దగ్గర రెడ్ సిగ్నల్ నూట ఇరవై సెకన్లు చూపించింది. సరే, కానీ, అని అడిగేశాను. మూడు ఏప్రిల్‌లకీ మూడు గుర్తులు వరసగా తెర మీదికి వచ్చాయి. అవును. అవును. అవును. మూడుసార్లూ బటన్ నొక్కారు. పోయినేడాది లాగే, పోయినేడాది లాగే, పోయినేడాది లాగే. నన్ను ఎవరూ ఎంచుకోలేదు. ఎవరూ తీసేయాలనుకోలేదు కూడా. నేను పెట్టిన బటనే నన్ను మోసుకొచ్చింది, చిరునామాతో పాటు, రక్తం గ్రూపుతో పాటు, వేరుశనగ పడదు అన్న మాటతో పాటు. నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, దల్బీర్ భయ్యా ఈసారి అద్దంలో చూసి ఏమీ అనకుండా నీళ్ల సీసా వెనక్కి అందించాడు, అప్పుడు ఏసీ కూడా పెంచాడు. మంచివాడే. నీళ్లు తాగి, ముక్కు తుడుచుకుని, తెలిసిందిగా, చాల్లే ఇక, అనుకున్నాను. ఆ గడి అబద్ధం. ఆ పిల్లకి రేపు స్కూల్లో చెయ్యి విరిగి, సుధీర్ మీటింగ్‌లో ఉండి ఎత్తకపోతే, వాళ్లు నాకు చేస్తారు, నా పాత నంబరుకి, అది ఇప్పుడు నాది కాదు. పిల్ల నొప్పితో కూర్చుని ఉంటుంది, అక్కడ ఫోను ఇంకెవరిదో మోగుతుంది. పదింటికి కాదు, ఇప్పుడే తీసెయ్యాలి.

నంబరెందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు. విడిపోయిన రోజు సుధీర్ అన్నాడు, "కలవకపోతెనే దానికి మంచిది. చిన్నపిల్ల గదా, ఆర్నెల్లల్ల మర్చిపోతది." నేను సరే అన్నాను. ఏ హక్కుతో కాదంటాను? స్కూలు ఫారంలో సంబంధం అన్న చోట మేమిద్దరం నింపింది ఇతరులు అని. తల్లి, తండ్రి, తాత, డ్రైవర్, ఆయా, ఇతరులు, ఆ జాబితా కూడా నేనే రాశాను, నా చేతులు విరగ. అయితే నంబరు మార్చింది అతని మాట కోసం కాదు. ఫోను పక్కన పెట్టుకుని నెల రోజులు కూర్చున్నాను, పది మెట్లూ వచ్చిన పిల్ల ఒక్కసారైనా చెయ్యకపోతుందా అని, వంట చేస్తూ, స్నానానికి వెళ్తే బకెట్ పక్కన పెట్టుకుని. మోగలేదు. మోగనందుకు దాని మీద కోపం, ఆరేళ్ల పిల్ల మీద, ఎంత పిచ్చిదాన్ని. మోగదని తెలిసీ ఎదురుచూడ్డం ఇక నా వల్ల కాక సిమ్ తీసి పారేసి కొత్తది కొనుక్కున్నాను. కొత్త ఫోను మోగకపోతే బాధ ఉండదు కదా, దానికి ఈ నంబరు తెలియదు కదా, అదీ నా తెలివి.

ధౌలా కువాఁ వచ్చింది. గడి ఖాళీ చేసే ముందు ఒక తంతు ఉంది, నియమం, పిల్లకి ఉన్న ఒక్క మనిషినీ ఊరికే తీసేయకూడదని, ఆ నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడాలి. సాయిప్రకాష్ అడిగాడు, "నేను చేయనా మేడం?" వద్దులే, నేను చేస్తాను అని పెట్టి, నా పాత నంబరుకి నేనే, అంకె అంకె కొట్టి, ఫోన్ చేశాను. మోగింది. ఎవరో ఒకావిడ ఎత్తింది, వెనకాల కుట్టుమిషను చప్పుడు. నేను హిందీలో, స్కూలు సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి, ఒక విద్యార్థి రికార్డులో ఈ నంబరు ఉంది, మీకు ఆ పిల్ల తెలుసా అని, రాసుకున్న పాఠం చదివినట్టు చదివాను. తెలియదు, రాంగ్ నంబర్ అంటుంది, పెట్టేస్తుంది, నేను గడి ఖాళీ చేస్తాను, అంతా అయిపోతుంది. మిషను ఆగింది. "అచ్ఛా," అంది ఆవిడ, "వో గింతీ వాలీ బచ్చీ?"

అంకెలు లెక్కపెట్టే పిల్లా, అని.

ఉత్తమ్ నగర్‌లో జాకెట్లు కుట్టే ఆవిడ, ఈ సిమ్ తీసుకుని రెండేళ్లయిందట. తీసుకున్న కొత్తలోనే మొదలైందట, నెలకోసారి, ఒక్కోనెల రెండుసార్లు, ఒక పిల్ల ఫోన్ చేస్తుంది. ఎత్తగానే హలో అనదట, గబగబా ఏవో మాటలు చెబుతుంది, మద్రాసీ అంకెలు, పది, వేళ్ల మీద లెక్కపెట్టాను దీదీ సరిగ్గా పది, చెప్పేసి ఆగుతుంది, అటునుంచి ఎవరో ఏదో అనాలన్నట్టు. నేను కాదు బేటా, రాంగ్ నంబర్ అంటే సారీ ఆంటీ అని పెట్టేస్తుంది. మళ్లీ నెలకి అదే. ఒకరోజు విసుగొచ్చి, నంబరు తప్పని తెలిసీ ఎందుకు చేస్తావు బేటా అని అడిగితే, ఆవిడ ఆ గొంతుని అనుకరిస్తూ చెప్పింది, "దేఖ్ రహీ థీ, వాపస్ ఆయా క్యా." తిరిగొచ్చిందేమోనని చూస్తున్నాను అందట. "మొన్న ఆదివారం కూడా చేసింది. ఆ మాట విన్నాక విసుక్కోవడం మానేశాను దీదీ, చివరిదాకా వింటాను, విని అప్పుడు చెబుతాను, ఇంకా రాలేదు బేటా అని. అమ్మది కాబోలు నంబరు, పాపం. పోయిందా ఆవిడ?" నేనేం చెప్పాలి? ఉంది, అన్నాను. ఉందండి. ఫోన్ పెట్టేశాక మహిపాల్‌పూర్ హోటళ్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి మసకమసగ్గా పోయాయి, నెత్తి మీదినుంచి ఒక విమానం దిగింది, లాప్‌టాప్ తెర చీకటయిపోయింది, నేను దాన్ని తాకలేదు.

ఇన్ని గుర్తులు పెట్టానే, ఇన్ని గడులు, ఎవరు నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఏ ఫోన్ నుంచి నొక్కారు, అన్నీ అడగొచ్చు, ఒక్క లైను. దీనికి మాత్రం గడి లేదు. నేను ఎదురుచూసిన ఆ నెలంతా అది ఎందుకు చెయ్యలేదో, నాన్న ఫోన్ ఇవ్వలేదేమో, లాక్ తెలియలేదేమో, జ్వరమేమో, ఏ పట్టికా చెప్పదు. తెలిసిందల్లా ఇదే, నేను సిమ్ పారేశాక అది మొదలుపెట్టింది. నాకు ఒక్క నెలకే ఓపిక చచ్చిపోయింది. దానికి రెండేళ్లయినా చావలేదు. నా కంటే అదే నయం.

శంకర్ చౌక్ దాటి ఆఫీసు కింద ఆగాం, పదికి ఆరు నిమిషాలు. రోజూ దిగే చోట నేను దిగలేదు. రికార్డు తెరిచి నా ఫోన్ నంబరు గడిలో కొత్త నంబరు కొట్టేస్తే సరి, అరనిమిషం పని, ఎవరికీ తెలియదు, దానికేమైనా అయితే నాకే ఫోన్ వస్తుంది, జన్మంతా. చెయ్యి అక్కడిదాకా వెళ్లింది. లేదు. ఇది కూడా గుమ్మంలో నిలబడడమే. దొంగచాటుగా, ఇంకో పద్ధతిలో. సాయిప్రకాష్‌కి రాశాను, "4417ని తీయొద్దు. పిల్ల పట్టుకునే ఉంది. ఫోన్ నంబరు తప్పు, తండ్రిని అడుగుతున్నా. ఆయన వద్దంటే నేనే తీస్తా." పృథ్వీరాజ్ గారికి ఇంకొకటి రాశాను, ఆ మనిషిని నేనే సార్, ముందే చెప్పాల్సింది, పైకి వచ్చి మాట్లాడతాను అని. సుధీర్ నంబరు ఫోన్‌లో లేదు, ఎప్పుడో తీసేశాను, వేళ్లలోంచి పోలేదు. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

"హలో, ఎవరు?"

"నేను. శ్రుతిని." అటు మిక్సీ ఆగింది. నేను ఆగితే ఇక మాట్లాడలేనని గబగబా చెప్పేశాను, స్కూలు రికార్డులో పాత నంబరు ఉంది, అది నాది కాదు, తీసేయమంటే ఇప్పుడే తీసేస్తా, ఉంచమంటే కొత్తది రాయాలి, నీ మాట లేకుండా రాయను. గిన్నె పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, "అది ఫోన్ చేస్తది, తెల్సా నీకు?" అన్నాడు.

"ఇప్పుడే తెలిసింది."

"నేను కాల్ లాగ్‌ల చూస్తున్న గద. ఏమని చెప్పాలె దానికి? ఎక్కడని ఎతకాలె నిన్ను? నంబర్ నువ్వు మార్చినవ్ శ్రుతీ. నేను మార్చమన్ననా?" అనలేదు. ఎన్నడూ అనలేదు. ఆ బటన్ మూడుసార్లూ ఎందుకు నొక్కావని అడగాలనిపించింది, బద్ధకమేనా, ఇంకేమైనానా, అడగలేదు. తప్పు నాదే అన్నాను. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని తెలిస్తే రెండున్నరేళ్ల కిందటే అనేదాన్ని. నంబరు రాసుకుంటావా అని అడిగాను. ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "నాకెందుకు చెప్తున్నవ్. దానికే చెప్పు" అన్నాడు, ఆగు, అని ఇంట్లోకి కేకేశాడు.

పరుగెత్తుకొచ్చిన అడుగులు. ఫోను చేతులు మారిన గరగర. ఎగశ్వాస. ఎవరని ఎవరూ చెప్పినట్టు లేదు, ఎవరూ చెప్పక్కర్లేకపోయినట్టుంది.

"తుతీ?"

గొంతు కాస్త మారింది, పళ్లు వచ్చేశాయి, స అనే అక్షరం కూడా ఇప్పుడు సరిగ్గానే పలుకుతుందేమో. నేను ఏడవకూడదని కారు తలుపు పిడి గట్టిగా పట్టుకుని, "అక్షరా, నా నంబరు మారిందే. కొత్తది చెబుతాను, నేర్చుకుంటావా?" అన్నాను.

"రుకో," అంది. "రుకో, రుకో, అభీ మత్ బోల్నా." ఆగాలట, ఇప్పుడే చెప్పకూడదట. ఎందుకే, కాగితం కావాలా అంటే జవాబు లేదు, తలుపు ధడాలున తెరుచుకుంది, వెనక సుధీర్ చెప్పులేసుకో అని అరిచాడు, లిఫ్టు గంట మోగింది, చాలాసేపు ఏమీ లేదు, కిందికి దిగుతోంది కాబోలు. దల్బీర్ భయ్యా "మేడమ్‌జీ, ఆఫిస్" అని గుర్తు చేసి, నా మొహం చూసి, ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాడు. పది దాటింది. పైనుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి, చూడలేదు.

"సీఢియోఁ పే ఆ గయీ," అంది ఆయాసపడుతూ. మెట్ల దగ్గరికి వచ్చేసింది. "అబ్ బోలో."

"తొమ్మిది," అన్నాను.

మెట్టు మీద గెంతిన చప్పుడు వినిపించింది. "తొమ్మిది," అంది అక్షర.